ముందు కాలి కింది రాయి గురించి రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రాగ్ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదువుతుంటే సంతోషం వేసింది. ప్రయాణపు అలసటలో కూడా తెల్లవారకముందే లేచి, షూ వేసుకుని, దారి తెలియని ఊళ్ళో పరుగుకి బయల్దేరడం అందరూ చేసే పని కాదు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. "ఉదయపు వెలుగులో చార్లెస్ బ్రిడ్జి అద్భుతంగా మెరిసిపోతోంది" అన్నచోట గీత పెట్టాను. వాక్యంలో తప్పేమీ లేదు. కానీ అది రాయడానికి పరిగెత్తక్కర్లేదు, అసలు ప్రాగ్ వెళ్ళక్కర్లేదు. ఒక ఫొటో చూసి ఎవరైనా రాసేయొచ్చు.

మూడో పేజీలో ఇంకో వాక్యం ఉంది. లేసు ఊడితే పిట్టగోడ పక్కన కూర్చుని కట్టుకున్నానన్నావు. లేస్తూ చెయ్యి ఆనిస్తే రాయి తడిగా, చల్లగా ఉందన్నావు. వెంటనే దాన్ని వదిలేసి కోట వర్ణనలోకి వెళ్ళిపోయావు. నాకిప్పుడు ఆ కోట ఒక్క ముక్క కూడా గుర్తులేదు. ఆ తడి మాత్రం నా అరచేతికి తగిలినట్టే ఉంది.

పాత నగరాల గురించి కళ్ళతో చూసి రాసినవాళ్ళు వేలమంది ఉన్నారు. వాళ్ళకి తెలియనిది కొంత పరిగెత్తేవాళ్ళకి తెలుస్తుంది. దారి ఎక్కడ ఎత్తెక్కుతోందో కళ్ళకంటే ముందు పిక్కలకి తెలుస్తుంది. సందు ఎక్కడ ఇరుకైందో మన అడుగుల చప్పుడే గోడలకి తగిలి తిరిగొచ్చి చెబుతుంది. నది దగ్గరపడితే ముందు చెమట మీద చలి పుడుతుంది. నువ్వు రాయాల్సింది ఇదీ.

ఒక లెక్క చూడు. చార్లెస్ బ్రిడ్జి పొడవు 516 మీటర్లు. దాని మీద 30 విగ్రహాలు, రెండు వైపులా ఎదురెదురుగా ఉంటాయి. కిలోమీటరుకి ఆరు నిమిషాలు అన్నావు కదా, ఆ లెక్కన వంతెన దాటడానికి నీకు మూడు నిమిషాలు పట్టి ఉంటుంది. అంటే పన్నెండు సెకన్లకి ఒక జత. ఆ వేగంలో ముప్పై విగ్రహాల్నీ ఎవరూ చూడలేరు. కానీ నీ వ్యాసంలో అన్నీ ఉన్నాయి, వరసగా, పేర్లతో సహా. అవి హోటల్‌కి తిరిగొచ్చాక ఫోన్లో చూసి చేర్చినవని పాఠకుడికి ఇట్టే తెలిసిపోతుంది. నిజంగా నీ కంట పడింది ఏది? ఒక్కటి చాలు. నెపోముక్ అనే క్రైస్తవ సాధువు విగ్రహం కింద కంచు పలక ఒకచోట మాత్రం బంగారంలా మెరుస్తుంది. వచ్చిపోయేవాళ్ళంతా చెయ్యి పెట్టి తాకి తాకి అలా అయింది. పరుగులో వెళ్తున్నా ఆ మెరుపు కంట్లో పడుతుంది. అలాంటిది పట్టుకో.

రోమ్‌లో నా మొదటి పరుగు గురించి చెబుతాను. ముందురోజు రాత్రి వాన పడింది. అక్కడి పాత వీధుల్లో సాంపియెత్రీని అనే నల్లటి బసాల్ట్ రాళ్ళు పరిచి ఉంటాయి. పైన అరచేతంత చదరం, కిందికి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది. వాటిని ఇసుకలో దిగేస్తారు. కాలం గడిచేకొద్దీ ఒకటి కాస్త కుంగుతుంది, పక్కది కాస్త లేస్తుంది. తడిసిన రోజు ఆ రాళ్ళ మీద అడుగు నమ్మకంగా పడదు. రెండో కిలోమీటరులో నా కాలు మడతపడింది. అక్కడి నుంచి తల దించుకుని, చిన్న చిన్న అడుగులు వేస్తూ వెళ్ళాను. ఆ పూట కొలోసియం పక్కనుంచే పోయినా సరిగా చూడలేదు. తిరిగొచ్చి రాసిన వ్యాసంలో మాత్రం కొలోసియం గురించి రెండు పేజీలు నింపాను, కాలు మడతపడిన సంగతి ఎక్కడా లేదు. ఇప్పటికీ ఆ వ్యాసం చదువుకుంటే బాధేస్తుంది. నాకు నిజంగా తెలిసినదాన్నే వదిలేశాను.

తర్వాత కొన్నేళ్ళకి రోమ్‌లోనే సర్కస్ మాగ్జిమస్‌లో పరిగెత్తాను. ఒకప్పుడు రథాల పందేలు జరిగిన చోటు, ఇప్పుడు గడ్డీ మట్టీ ఉన్న పొడవాటి పల్లం. దాదాపు 600 మీటర్లుంటుంది. పందెంలో రథాలు దాని చుట్టూ ఏడుసార్లు తిరిగేవి. నేనూ తిరిగి చూశాను. పొడుగునా హాయిగా వచ్చేస్తాం, చివర మలుపు దగ్గర మాత్రం ఒళ్ళు బయటికి తోసేస్తుంది, వేగం తగ్గించక తప్పదు. రథాలు ఎక్కువగా బోల్తాపడిందీ, ఒకదాన్నొకటి గుద్దుకుందీ అలాంటి మలుపుల్లోనే అని అంతకుముందు చదివాను. అలా ఎందుకు జరిగేదో ఆ రోజు మోకాళ్ళకి అర్థమైంది. ఆ మలుపు గురించి రాసిన పేరా మీద నాకు ఇవాళ్టికీ నమ్మకముంది.

రోమ్ వెళ్తే ఇంకోటి చెయ్యి. వీధుల్లో నజోని అనే ఇనప కుళాయిలు రెండు వేలకి పైగా ఉన్నాయి. 1870ల నుంచీ ఉన్నవి, ఆ మాటకి అర్థం పెద్ద ముక్కులని. నీళ్ళు ఎప్పుడూ పడుతూనే ఉంటాయి. గొట్టం చివర వేలు అడ్డం పెడితే పైన వంపులో ఉన్న చిన్న రంధ్రంలోంచి ధార పైకి చిమ్ముతుంది, నోరు పెట్టి తాగేయొచ్చు. ఆ వేలికి తగిలిన చలిని రాయి. అదే చాలు, దాహం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇటలీలోనే ఉన్న లుక్కా ఊరి గోడ మీద కూడా పరిగెత్తాలి నువ్వు. ఊరి చుట్టూ నాలుగు కిలోమీటర్ల పైచిలుకు గోడ, దాని మీద వరసగా చెట్లు, మనుషులూ సైకిళ్ళూ. గోడ మీద ఇంత చోటెలా వచ్చిందని నాలుగో బురుజు దగ్గర అనిపించింది. ఫిరంగులు వచ్చాక సన్నటి ఎత్తు గోడలు పనికిరాకుండా పోయాయి. గుండు దెబ్బని మింగేయడానికి వెనక మట్టి పోసి ఇంత వెడల్పుగా కట్టారు. తర్వాత ఆ గోడ మీదే చెట్లు నాటి షికారు దారి చేశారు. మనం అక్కడ హాయిగా పరిగెత్తుతున్నామంటే కారణం ఎప్పటివో ఫిరంగులు. చరిత్రని వ్యాసంలోకి ఇలా రానివ్వు. ముందు కాళ్ళకి ఒక ప్రశ్న పుట్టాలి, జవాబు తర్వాత రావాలి. మొదటి పేరాలోనే సంవత్సరాలు గుమ్మరించకు.

వెళ్ళిన దారినే తిరిగి రావడాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. క్యోటోలో ఫుషిమి ఇనారి కొండ రాత్రంతా తెరిచే ఉంటుంది, తెల్లవారుజామున జనం ఉండరు. అది పూజాస్థలం కాబట్టి అక్కడ పరుగు ఆపి నడిచాను. దారి పొడవునా ఎర్ర తోరణాలు. ఎక్కేటప్పుడు వాటి స్తంభాలన్నీ ఖాళీగానే కనిపించాయి. దిగేటప్పుడు చూస్తే ప్రతి తోరణం వెనకా నల్లటి అక్షరాలు, దాన్ని సమర్పించినవాళ్ళ పేరూ తేదీ. ఎక్కిన దారే, అయినా అప్పటిదాకా ఒక్క అక్షరం కనిపించలేదు. నీ వ్యాసాలన్నీ వెళ్ళే దారితోనే ముగిసిపోతున్నాయి. తిరుగుదారి కూడా రాయి. వీలైతే రెండో రోజూ అదే దారిలో వెళ్ళు.

తెల్లవారుజామున వీధుల్లో ఉండేవాళ్ళు పనిలో ఉన్నవాళ్ళు. వెనిస్‌లో సరుకుల బళ్ళని మెట్ల వంతెనల మీదుగా చేతులతో ఎక్కించి దించుతుంటారు. వాళ్ళు నీ వ్యాసానికి అలంకారం కాదు. దారి వదులు, నమస్కారం పెట్టు, అడగకుండా ఫొటో తీయకు.

ఇయర్‌ఫోన్లు గదిలోనే వదిలెయ్. ఏ దారిన వెళ్తున్నావో హోటల్లో ఎవరికైనా చెప్పి వెళ్ళు, ఫోన్లో లొకేషన్ షేర్ చెయ్. ఏ సందులోనైనా భయమేస్తే వెనక్కి తిరిగిపో, ఆ భయాన్ని కూడా రాయి. ఇరుకు సందుల్లో జీపీఎస్ సిగ్నల్ గోడలకి తగిలి చెదిరిపోతుంది కాబట్టి వాచీ చూపించే దూరాన్ని అలాగే దించెయ్యకు. పరుగు ఆపిన పది నిమిషాల్లో, స్నానానికి ముందే, నాలుగు ముక్కలు ఫోన్లో చెప్పి రికార్డు చేసుకో. స్నానం చేశాక సగం పోతుంది.

ఇంకో సంగతి. చార్లెస్ బ్రిడ్జికి 1357 జూలై 9న ఉదయం 5 గంటల 31 నిమిషాలకి శంకుస్థాపన చేశారని రాశావు. 1357 వరకు ఖాయం. ఆ నిమిషం మాత్రం జనం చెప్పుకునే కథ. సంవత్సరం, రోజు, నెల, వేళ కలిపి రాస్తే 135797531 వస్తుంది, ఎటునుంచి చదివినా ఒకటే. అందమైన ముహూర్తం, తప్పకుండా ఉంచు, కాకపోతే "అంటారు" అని ఒక్క మాట చేర్చు. పైగా నువ్వు వంతెన మీదున్న వేళ కూడా ఇంచుమించు అదే కదా, ఆ ముక్క ఎందుకు రాయలేదు?

ప్రాగ్ వ్యాసం మళ్ళీ రాసి పంపు. ఈసారి లేసు ఊడిన చోట మొదలుపెట్టు. పిట్టగోడ రాయి ఎందుకు తడిగా ఉందో, వానా, మంచా, నదిలోంచి లేచిన ఆవిరా, గుర్తు తెచ్చుకో. గుర్తు రాకపోతే గుర్తులేదనే రాయి. ఎదురుచూస్తుంటాను.