అంగన్‌వాడీకి వెళ్ళే ముందు ఈ నాలుగు మాటలు

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఈసీసీఈ డేకి, అదే, పసిపిల్లల ఆటపాటల చదువు తల్లిదండ్రులు వచ్చి చూసేందుకు అంగన్‌వాడీలో నెలనెలా పెట్టే రోజుకి, రమ్మని టీచరమ్మ కబురు పెట్టిందని, ఆ పూట పని మానుకుని మరీ వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది. అంగన్‌వాడీ టీచరుగా పనిచేసినన్నాళ్ళూ నేను ఇలాంటి తల్లుల కోసమే ఎదురుచూసేదాన్ని. సరుకులు తీసుకోవడానికి అందరూ వస్తారు. పిల్లల పక్కన చాప మీద కాసేపు కూర్చునేవాళ్ళే తక్కువ.

ముందుగా ఒక మాట గట్టిగా చెప్తాను. బుజ్జిగాడికి ఏం వచ్చో పరీక్షించడానికి వెళ్ళకు. వాడు అక్కడ ఎలా ఉంటున్నాడో చూసి రా. గుమ్మంలో అడుగు పెట్టగానే "మావాడికి ఏబీసీడీలు వచ్చాయా మేడమ్?" అని అడిగావనుకో, టీచరు ఏం చేస్తుంది? వాడిని నిలబెట్టి అప్పజెప్పిస్తుంది. వాడు బిక్కమొహం వేస్తాడు, నీకు టెన్షన్, ఆమెకు మొహమాటం. రోజూ జరిగే క్లాసు మాత్రం నీ కంట పడదు.

నువ్వు వెళ్ళేసరికి పిల్లలు మట్టితో ఉండలు చేస్తూనో, పూసలు గుచ్చుతూనో, కాగితాలు చింపి అంటిస్తూనో కనబడొచ్చు. చదువు చెప్పకుండా ఆడిస్తున్నారని అనుకోవద్దు. నాలుగేళ్ళ పిల్లల వేళ్ళలో పెన్సిల్ పట్టే బలం ఆ పనులతోనే వస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ళ దాకా ఒకటే పునాది దశగా పెట్టింది, ఆ దశలో ఆటపాటలతోనే నేర్పమంది. ఎదురింటి పిల్ల ప్రైవేటు స్కూల్లో అప్పుడే కాపీలు నింపేస్తోందని నువ్వు దిగులు పడుతున్నావట. ఆ దిగులు ఇంటి దగ్గరే వదిలేసి వెళ్ళు తల్లీ.

ముందు రోజు రాత్రే వాడికి చెప్పు: "రేపు అమ్మ వస్తుంది, మీతో కూర్చుంటుంది, తర్వాత వెళ్ళిపోతుంది" అని. చెప్పినా సరే, నిన్ను చూడగానే కొంగు పట్టుకుని వదలకపోవచ్చు. రోజూ పాడే పాట ఆ రోజు పాడనే పాడకపోవచ్చు, లేదా నీ ముందు గొప్ప కోసం అల్లరి చేయొచ్చు. ఏది చేసినా అందరి ముందు కసరకు. అమ్మ, టీచరు ఒకే గదిలో ఉంటే ఎవరి మాట వినాలో పిల్లలకు తెలియదు. గోడవారగా కింద కూర్చో. వాడి చేతిలో పని లాక్కుని నువ్వు చేసిపెట్టకు. మిగతా పిల్లలూ వచ్చి నీ ఒళ్ళో కూర్చుంటారు, కూర్చోనీ. ఫోన్ మాత్రం సంచిలోనే ఉంచు, పక్కవాళ్ళ పిల్లల ఫొటోలు మనం తీయకూడదు.

ఇక చూడాల్సినవి. వాడు ఎవరి పక్కన చేరుతున్నాడు, బొమ్మ లాక్కుంటే ఏడుస్తున్నాడా, అడుగుతున్నాడా, ఒంటేలు వస్తే ఆయమ్మకు చెప్పగలుగుతున్నాడా? వీలైతే భోజనం దాకా ఉండు. ఇంట్లో నువ్వు వెంటపడి తినిపించేవాడు అక్కడ పదిమందిలో కూర్చుని గుడ్డు, పప్పన్నం తనంతట తాను తినేస్తాడేమో చూడు. తింటే, ఇంట్లో కూడా కంచం వాడి చేతికే ఇచ్చెయ్. నీళ్ళ బిందెకు మూత ఉందా, మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా అన్నది కూడా గమనించు.

టీచరుతో మాట్లాడేది పిల్లలు తినేటప్పుడో, ఇళ్ళకు వెళ్ళాకో పెట్టుకో. ఆమెకు పిల్లలతో పాటు రిజిస్టర్లు, పిల్లల వివరాలు ఫోన్‌లో ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్, గర్భిణుల పనులు ఎన్నో ఉంటాయి. వాడి బరువు, ఎత్తు చూపించమను. వయసుకు తగ్గట్టు పెరుగుతున్నాడా, గత నెలకీ ఈ నెలకీ తేడా ఎంత అని అడుగు. బరువు పెరగకపోతే ఏం పెట్టాలో ఆమే చెప్తుంది. ఇంట్లో సంగతులు కొన్ని నువ్వూ చెప్పాలి: రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నాడని, కొత్తవాళ్ళంటే జంకుతాడని. అవి తెలిస్తే ఆమె పని తేలికవుతుంది. నీకు నచ్చనిది ఏదైనా కనబడితే పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పు. పిల్లల మీద చెయ్యెత్తడం లాంటిది చూస్తే మాత్రం మొహమాటపడొద్దు, సూపర్‌వైజర్ మేడమ్ దాకా తీసుకెళ్ళు.

వచ్చేసేటప్పుడు వాడు అటు తిరిగినప్పుడు చూసి జారుకోకు. వాడికి చెప్పే రా. ఒక నిమిషం ఏడుస్తాడు, ఏడిస్తే ఏడవనీ. చెప్పకుండా మాయమైతే మర్నాటి నుంచి నిన్ను గుమ్మం దాటనివ్వడు.

వచ్చే నెల అల్లుడిని పంపు. తండ్రులు వస్తే పిల్లలకు పండగే. మా సెంటర్‌కు ఒక రైతు గుప్పెడు గుప్పెడు కందులు, పెసలు, జొన్నలు తెచ్చి వేరు చేయించాడు, పెద్ద పిల్లల చేత. మూడేళ్ళ వాళ్ళకు మాత్రం గింజలు ఇవ్వకూడదు, ముక్కులో పెట్టుకుంటారు. అల్లుడికి ఆటో ఉంది కదా, టీచరును ముందే అడిగి సెంటర్ ముందు ఆపమను. చక్రాలు లెక్కపెట్టిస్తే, హారన్ మోగిస్తే, ముందు దీపం వెలిగించి చూపిస్తే ఆ పూట టీచరుకు వేరే పాఠం అక్కర్లేదు. తాళంచెవి మాత్రం జేబులోనే ఉంచుకోమను.

ఇట్లు
మీ పెద్దమ్మ