లెక్చరరే కదా అంటే ఎలాగండీ?

ప్రశ్న: మా బాబు విజయవాడలో హాస్టల్లో ఉండి సీనియర్ ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాడు. అశోక్ సేన్ అనే శాస్త్రవేత్త గురించి ఎక్కడో చదివి థియరెటికల్ ఫిజిక్స్ చేస్తాను, ఐసర్‌కి (సైన్స్ చదువు, పరిశోధన కోసం కేంద్రం నడిపే సంస్థ) వెళ్తాను అని పట్టుబట్టాడు. నేను సీఎస్‌ఈలో ఏఐ తీసుకోమంటున్నాను. ఫిజిక్స్ చదివితే చివరికి లెక్చరరే కదా! రెండూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కోర్సుల పేర్లు మారతాయి గానీ ఏటా నాకు వచ్చే ఉత్తరం ఇదేనండీ. వాడు స్థిరపడతాడా, నలుగురిలో ఏమని చెప్పుకోవాలి? మీ అసలు భయాలు ఈ రెండే. మొదటిది న్యాయమైనది. రెండోదానికి నా దగ్గర మందు లేదు.

‘లెక్చరరే కదా’ అన్నారు. అశోక్ సేన్ తండ్రి కోల్‌కతా స్కాటిష్ చర్చి కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరే. మీవాడికి ర్యాంకు తెప్పించమని మీరు లక్షలు పోసి అప్పగించింది కూడా లెక్చరర్లకే. వాళ్లని అంత తీసిపారేసి మాట్లాడితే, ఎదురుగా కూర్చున్న పిల్లాడు ఏం నేర్చుకుంటాడు?

బాబుతోనూ ఒక మాట చెప్పాలి. 2012లో సేన్‌కి ఫండమెంటల్ ఫిజిక్స్ ప్రైజ్ కింద 30 లక్షల డాలర్లు వచ్చాయి. వాడి కళ్లు అక్కడే ఆగి ఉంటాయి. దాని వెనకున్న ఏళ్లు లెక్కపెట్టమనండి. కోల్‌కతా ప్రెసిడెన్సీ కాలేజీలో బీఎస్సీ, కాన్పూర్ ఐఐటీలో ఎమ్మెస్సీ, 1982లో అమెరికాలో స్టోనీ బ్రూక్ నుంచి పీహెచ్‌డీ, ఆ తర్వాత అక్కడి ఫిజిక్స్ ల్యాబులు ఫెర్మీల్యాబ్‌లో, స్లాక్‌లో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. ముంబయిలోని టీఐఎఫ్‌ఆర్ అనే పరిశోధన సంస్థకి వచ్చింది 1988లో, అప్పటికి ముప్ఫై దాటాయి. పదార్థమంతా అతి సూక్ష్మమైన తీగల కంపనమే అనే స్ట్రింగ్ సిద్ధాంతంలో ఆయనకి పేరు తెచ్చిన ‘ఎస్-డ్యువాలిటీ’ అనే పని 1994లో. మరుసటి ఏడాది అలహాబాద్‌లో ఒక చిన్న పరిశోధన సంస్థకి వెళ్లి దశాబ్దాల పాటు అక్కడే పనిచేశారు. ఈ దారిలో పర్మనెంట్ పోస్టులు తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. అలాగని మీవాడు మీ మీద పడి తినడు. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకి ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000 ఇస్తారు, హెచ్‌ఆర్‌ఏ అదనం. మధ్యలో మనసు మారినా, ఆ లెక్కలూ కోడింగూ వచ్చినవాళ్లు డేటా, ఫైనాన్స్ ఉద్యోగాల్లోకి వెళ్తూనే ఉన్నారు.

ఇక మీ ఏఐ. ఆ సబ్జెక్టు మీద నాకు అనుమానం లేదు, కాలేజీలు పెట్టుకునే ఆ బోర్డు మీదే అనుమానం. బెంజ్ సర్కిల్ దగ్గర ఏ హోర్డింగ్ చూసినా అదే పేరు. మీరు అనుకుంటున్న కాలేజీలో మామూలు సీఎస్‌ఈ సిలబస్, ఏఐ సిలబస్ పక్కపక్కన పెట్టి చూడండి. చాలాచోట్ల మొదటి రెండేళ్లలో తేడా వెతుక్కోవాలి. ఆ ఏఐ పేపర్లు చెప్పేవాళ్లు నిరుడు ఏం చెప్పారో అడగండి, ఆఫీసులో నీళ్లు నములుతారు. నిజంగా ఏఐలో ఎదగాలంటే కావలసింది లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ. ఫిజిక్స్ చదివేవాడికి అవి ఎలాగూ తప్పవు.

ఈసారి అవుటింగ్‌కి ఇంటికొచ్చినప్పుడు వాణ్ణి ఒకటి అడగండి: లోలకం ఒకసారి ఊగడానికి పట్టే కాలం సూత్రంలో గుండు బరువు ఎందుకు లేదు? ‘సూత్రంలో లేదు నాన్నా, అంతే’ అంటే వాడిది వీడియో చూసిన మోజు. కాగితం తీసుకుని బలం, త్వరణం రాసి, రెండువైపులా ద్రవ్యరాశి కొట్టేసి చూపించి, ‘మరి గొలుసు బరువుగా ఉంటే?’ అని వాడే ఇంకో ప్రశ్న వేస్తే, మీరు అడ్డు తప్పుకోండి.

పోల్చమన్నారు కాబట్టి: మంచి ప్రభుత్వ సంస్థలో సీఎస్‌ఈ వస్తే ఇద్దరూ కూర్చుని ఆలోచించండి. డొనేషన్ కట్టి కొనే ఏఐ సీటుకి, తిరుపతి ఐసర్‌కి అయితే నేను ఐసరే అంటాను. ఐసర్ రాకపోయినా దారి మూసుకుపోదు. గుంటూరు ఏసీ కాలేజీలోనో, విజయవాడ లయోలాలోనో బీఎస్సీ చేసి, ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటు కోసం పెట్టే జామ్ పరీక్ష రాయొచ్చు. సేన్ కూడా బీఎస్సీ చేశాకే ఐఐటీకి వెళ్లారు.

ఈలోగా మేనేజ్‌మెంట్ సీటుకి అడ్వాన్స్ కట్టమని ఎవరైనా ఫోన్ చేస్తే, ఐసర్ ఫలితాలు వచ్చేదాకా రూపాయి కూడా కట్టకండి.