ఏఆర్‌లో సోఫా గాల్లో ఎందుకు తేలుతోంది? అది చూసి ఫర్నిచర్ కొనొచ్చా?

కొత్త ఫ్లాట్ హాల్లోకి త్రీ సీటర్ సోఫా, బెడ్‌రూమ్‌లోకి బీరువా కొందామనుకుంటున్నారు. షాపు వెబ్‌సైట్‌లో 'మీ గదిలో చూడండి' అనే బటన్ నొక్కితే సోఫా నేల మీద ఆనడం లేదు, రెండడుగులు వేస్తే పక్కకి జారిపోతోంది. అదే ఫోన్‌లో ముఖం ఫిల్టర్లు చక్కగా పనిచేస్తున్నాయి. లోపం ఫోన్‌దేనా, దీన్ని నమ్మి కొనొచ్చా అన్నది మీ ప్రశ్న.

నేను విజయవాడలో మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు చేయిస్తుంటాను. కస్టమర్లకు డిజైన్ చూపించడానికి ఫోన్‌లో ఆగ్మెంటెడ్ రియాలిటీని (ఏఆర్, అంటే గదిలో లేని వస్తువుని కెమెరా దృశ్యంలో ఉన్నట్టు చూపించే పద్ధతి) వాడటం మా పనిలో భాగమైపోయింది. మీ ఇంట్లో వేసినవి తెల్లటి గ్లాసీ టైల్స్ అని రాశారు కాబట్టి నా అనుమానం ముందు వాటి మీదే.

ముఖం ఫిల్టర్‌కి గదితో పని లేదు. కళ్లు, ముక్కు, నోరు ఎక్కడున్నాయో దొరికితే చాలు. సోఫాని నిలబెట్టాలంటే మాత్రం నేల ఎక్కడుందో, ఎంత దూరంలో ఉందో, మీరు ఎటు ఎంత కదిలారో ఫోన్‌కి క్షణక్షణం తెలుస్తుండాలి. అందుకోసం అది కెమెరా దృశ్యంలో కొట్టొచ్చినట్టు కనిపించే చుక్కలను పట్టుకుంటుంది: చాప అంచు, చెక్కలో గీత, టైల్స్ కలిసే మూల, ఇలాంటివి. మీరు కదులుతుంటే ఆ చుక్కలు తెరపై ఎలా జరుగుతున్నాయో చూస్తుంది. ఫోన్‌లోని యాక్సిలరోమీటర్, గైరోస్కోప్ అనే సెన్సర్లు చెప్పే కదలికతో దాన్ని సరిపోల్చి, దూరాలు లెక్కగడుతుంది. మచ్చలేని తెల్ల నేల మీద పట్టుకోవడానికి చుక్కలే ఉండవు. పైగా మెరిసే టైల్‌లో ట్యూబ్‌లైట్ ప్రతిబింబం కనిపిస్తుంది. మీరు కదిలితే అదీ కదులుతుంది కాబట్టి ఫోన్ లెక్క తప్పుతుంది. అద్దాల తలుపులున్న వార్డ్‌రోబ్ ఎదురుగా ఉంటే ఇంకా కష్టం, అద్దం వెనక మరో గది ఉన్నట్టు లెక్కేసుకుంటుంది.

దీనికి నేను చేసే పని చాలా చిన్నది. నేల మీద పాత న్యూస్‌పేపర్లు నాలుగైదు అక్కడక్కడా పరుస్తాను, లేదంటే గళ్ల దుప్పటి. అక్షరాలు, ఫొటోలు, గళ్లు, అన్నీ ఫోన్ పట్టుకోగల చుక్కలే. కిటికీ తెరలు తీసి పగటి వెలుతురులో చూపిస్తాను. రాత్రి మసక వెలుతురులో కెమెరా దృశ్యం గింజలు గింజలుగా వస్తుంది, ఆ సమయంలో ప్రయత్నించకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, చాలామంది ఉన్నచోటే నిలబడి పనోరమా తీసినట్టు ఫోన్ తిప్పుతారు. అలా తిప్పితే దూరం, దగ్గర తేడా ఫోన్‌కి తెలియదు. మనిషి పక్కకి జరగాలి. కుడికి ఒక అడుగు, ఎడమకి ఒక అడుగు, నిదానంగా. అప్పుడే దగ్గరి చుక్కలు ఎక్కువగా, దూరంవి తక్కువగా జరుగుతాయి, ఆ తేడాతోనే లోతు తేలుతుంది. మొదట్లో 'ఫోన్ కదిలించండి' అని తెర మీద వచ్చే సూచన అందుకే.

ఇక ఫోన్ సంగతి. ఆండ్రాయిడ్‌లో దీని వెనక ఉండేది గూగుల్ ఏఆర్‌కోర్ అనే సాఫ్ట్‌వేర్. 2018 ఫిబ్రవరిలో మొదటి పూర్తి వెర్షన్ వచ్చింది. కెమెరా, సెన్సర్లు సరిగ్గా కలిసి పనిచేస్తున్నాయో లేదో గూగుల్ ఒక్కో మోడల్‌ని పరీక్షించాకే అది పనిచేసే ఫోన్ల జాబితాలో చేరుస్తుంది. అందుకే ఒకే ధర ఉన్న రెండు ఫోన్లలో ఒకదానిలో వస్తుంది, ఇంకోదానిలో రాదు. ప్లే స్టోర్‌లో 'గూగుల్ ప్లే సర్వీసెస్ ఫర్ ఏఆర్' అని వెతికి చూడండి, మీ ఫోన్‌కి సరిపడదని వస్తే ఇక చేసేదేమీ లేదు. ఐఫోన్‌లో 2017లో ఐఓఎస్ 11తో ఏఆర్‌కిట్ అనే అలాంటి సాఫ్ట్‌వేరే వచ్చింది, ఐఫోన్ 6ఎస్ నుంచీ పనిచేస్తుంది. 2020లో వచ్చిన 12 ప్రో మొదలుకొని ప్రో మోడళ్లలో లైడార్ కూడా ఉంటుంది. అది కంటికి కనబడని లేజర్ కాంతిని పంపి, తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలుస్తుంది కాబట్టి సున్నపు గోడ ముందు కూడా తడబడదు. సోఫా ఒక్కటి చూసుకోవడానికి మాత్రం అంత ఫోన్ కొనక్కర్లేదు.

కొలతల విషయంలో నా మాట గట్టిగా వినండి. ఫోన్‌తో కొలిచిన లెక్క మీద చెక్క కోయించకండి. మూడు మీటర్ల గోడకి రెండు మూడు సెంటీమీటర్ల తేడా రావడం నేను తరచూ చూస్తుంటాను. హాల్లో సోఫాకి అది లెక్కలోది కాదు. గోడకి గోడకి మధ్య పట్టాల్సిన వార్డ్‌రోబ్‌కి మాత్రం ఆ రెండు సెంటీమీటర్లే ప్రాణం, ఎందుకంటే మేము వాడే ప్లైవుడ్ మందమే 18 మిల్లీమీటర్లు. మా మేస్త్రీ టేపు పెట్టి పైన, మధ్యలో, కింద మూడుచోట్లా కొలిచాకే రంపం ముట్టుకుంటాడు. గోడలు నిట్టనిలువుగా ఉండవు కదా.

మరి ఏఆర్ దేనికి పనికొస్తుందంటే, కాగితం మీద గీత అర్థంకాని మనిషికి వస్తువుని అసలు సైజులో కళ్లముందు నిలబెట్టడానికి. ఒక ఇంట్లో పూజామందిరం చేయిస్తున్నాం. ఆ ఇంటి పెద్దావిడకి డ్రాయింగ్ చూపించాం, కంప్యూటర్‌లో వేసిన రంగుల బొమ్మలు చూపించాం. 'బాగుంది నాయనా' అన్నారే తప్ప మనసులో ఏముందో తెలియలేదు. ఫోన్ చేతికిచ్చి మందిరాన్ని ఆ మూలలో నిలబెడితే, చుట్టూ తిరిగి చూసి, తలుపులు తెరిచి చూపించమన్నారు. తెరిచి చూపించాం. 'ఇలా రెండు రెక్కలూ బయటికి వస్తే నేను పీట వేసుకుని కూర్చునేదెక్కడ? హారతి పళ్లెం ఎక్కడ పెట్టను?' అని అడిగారు. తలుపుల్ని పక్కకి జరిగేలా మార్చాం. రోజూ అక్కడ కూర్చునే మనిషికి తప్ప మాకెవరికీ తట్టని సంగతి అది. ఇలాంటి సందర్భాల కోసమే నాకు ఈ టెక్నాలజీ అంటే ఇంత ఇష్టం.

సోఫా చూసేటప్పుడు రెండు వేళ్లతో పెద్దది, చిన్నది చేయకండి. చేస్తే తెరపై శాతం కనిపిస్తుంది. అది 100 దగ్గర ఉంటేనే మీరు చూస్తున్నది అసలు సైజు. టీపాయ్ ముందుంటే సోఫా దాని మీదెక్కి కూర్చున్నట్టు కనబడొచ్చు. ఏది ముందో ఏది వెనకో అన్ని ఫోన్లూ సరిగ్గా పట్టలేవు. అందుకని ఆ చోటు ఖాళీ చేసి చూడండి. ఎండాకాలంలో ఫోన్ త్వరగా వేడెక్కి తెర మసకబారుతుంది, కాసేపు ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

బీరువా విషయంలో ఏఆర్ చెప్పలేనిది ఒకటుంది. అది గదిలో పడుతుందో లేదో చూపిస్తుంది కానీ, గదిలోకి వస్తుందో లేదో చూపించదు. లిఫ్ట్ తలుపు వెడల్పు, మెట్ల మలుపు, బెడ్‌రూమ్ ద్వారబంధం లోపలి కొలత టేపుతో తీసి, బీరువా విడి భాగాలుగా వస్తుందా, ఒకే ముక్కగా వస్తుందా అని షాపులో అడిగి, ఆ తర్వాతే అడ్వాన్స్ ఇవ్వండి.