అప్పు తెచ్చి చెరువులో పెట్టకండి

ప్రశ్న: మాది భీమవరం. మావారు పోయి రెండేళ్లయింది. పిల్లలకు పదేళ్లు, ఏడేళ్లు. బట్టల దుకాణంలో 11,000 జీతం, వితంతు పింఛను 4,000 వస్తాయి. ఆయన బీమా సొమ్ము 5 లక్షలు బ్యాంకులో ఉంది. దానికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 2 లక్షలు కలిపి, మా అన్నయ్యతో రొయ్యల చెరువులో వాటా పెట్టవచ్చా?

జవాబు: పెట్టవద్దమ్మా. భర్తను కోల్పోయో, విడిపోయో పిల్లలను ఒంటరిగా పెంచుతున్న తల్లుల నుంచి ఈమధ్య నాకు వస్తున్న ఉత్తరాలలో ఇదే పొరపాటు పదే పదే కనిపిస్తున్నందువల్ల కాస్త కటువుగానే చెబుతున్నాను. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. 2 లక్షలకు నెలకు 6,000, అంటే మీ జీతంలో సగానికి పైగా. రొయ్యలు పట్టి అమ్మే దాకా ఆ వడ్డీ ఎక్కడి నుంచి కడతారు? తెల్లమచ్చ వైరస్ సోకితే చెరువు రోజుల్లో ఖాళీ అవుతుందని మీ ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. మీ అన్నయ్య మరో పంట వేసుకోగలరు, మీకు మరో 5 లక్షలు రావు.

ఇద్దరు సంపాదించే ఇంట్లో ఒకరు మంచాన పడితే రెండో జీతంతో పొయ్యి వెలుగుతుంది. మీ ఇంట్లో ఆ రెండో జీతం స్థానంలో ఉన్నది ఈ బీమా సొమ్మే. అందుకే ఇతరులకు ఆరు నెలల ఖర్చు చాలని చెప్పే నేను మీకు ఏడాది ఖర్చు పక్కన పెట్టమంటున్నాను: నెలకు 14,000 చొప్పున 1,68,000, ఆపైన మందులకూ మాకులకూ కలిపి 2 లక్షలు. ఇందులో 50,000 పొదుపు ఖాతాలోనూ, మిగిలింది మూడు వేర్వేరు డిపాజిట్లుగానూ ఉంచితే, ఒకటి విడిపించినా మిగతావి కదలవు. చుట్టాలు చేబదులు అడిగినా ఈ సొమ్ము ముట్టుకోవద్దు.

మిగతా 3 లక్షలు పిల్లల చదువుకు డిపాజిట్‌లోనే ఉండనివ్వండి. ప్రభుత్వం చదువుకునే పిల్లల తల్లులకు ఇచ్చే తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు వచ్చే 13,000 బడి ఖర్చులకే వాడండి. మీ పేరున, ఆదాయానికి దొరికినంత టర్మ్ బీమా (గడువులోగా మనిషి పోతేనే కుటుంబానికి సొమ్ము ఇచ్చే బీమా) తీసుకోండి. పిల్లలు మైనర్లు కనుక నామినీ పేరుతోపాటు, వారి తరఫున సొమ్ము అందుకునే నమ్మకస్తుడైన పెద్దమనిషి పేరు కూడా తప్పక రాయించండి. ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి అనే ప్రభుత్వ జీవిత బీమా, 20 రూపాయల సురక్షా అనే ప్రమాద బీమా మీ బ్యాంకులోనే ఈ వారం కట్టేయండి.

అన్నయ్యను కాదనడం కష్టమైతే, ముందు డిపాజిట్లు వేసి, ఆ తరువాతే ఆయనతో మాట్లాడండి.