ఓడింది రెండు రూపాయల టేబుల్‌లోనే... కేసు అవుతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తాను. 2025 సంక్రాంతికి గుంటూరు వచ్చినప్పుడు, కనుమ నాడు పొద్దున్నుంచి రాత్రి దాకా ఆన్‌లైన్ పోకర్ ఆడాను. బ్లైండ్స్, అంటే ముక్కలు పంచకముందే తప్పనిసరిగా పెట్టే పందేలు, రూపాయి, రెండు రూపాయలే. 200 చొప్పున 17 సార్లు వేసి మొత్తం 3,400 పోగొట్టుకున్నాను. ఏపీలో యాప్ తెరుచుకోలేదని, ఉన్న చోటు కనపడకుండా చేసే వీపీఎన్ పెట్టాను. చివరి 1,000 మా బావగారి దగ్గర చేబదులు తీసుకున్నాను. డబ్బు వెనక్కి వస్తుందా? పోలీసు కేసు భయం ఉందా? ఆ నష్టాన్ని జీతంలోంచి తగ్గించి ట్యాక్స్ కట్టొచ్చా?

జవాబు: మీ టెన్షన్ అంతా 3,400 గురించే ఉంది. నేనైతే ముందు వీపీఎన్ గురించి అడుగుతాను. టేబుల్ చిన్నదా పెద్దదా అని చట్టం చూడదు, మీరు ఎక్కడ కూర్చుని ఆడారో చూస్తుంది. కర్ణాటక తెచ్చిన నిషేధాన్ని అక్కడి హైకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టేసింది కాబట్టి, ఆ రోజుల్లో బెంగళూరు గదిలో ఆడితే ఇంత గొడవ లేదు. ఏపీలో 2020 సవరణ తర్వాత డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడినవారికీ 6 నెలల దాకా జైలు పడే వీలుంది. తెలంగాణ 2017లోనే ఈ తలుపు మూసేసింది.

రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆట అని 1968లో సుప్రీంకోర్టు చెప్పిందిగా అని చాలామంది నాతో వాదిస్తారు. నిజమే, అది సికింద్రాబాద్ క్లబ్బు కేసు. కానీ ఆ తీర్పు రమ్మీ గురించి, పోకర్ గురించి కాదు. పైగా నైపుణ్యం ఆటలకు ఉన్న మినహాయింపునే మన రెండు రాష్ట్రాలూ ఎత్తేశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడదు. అందులో ఆట నడిపేవారికి 3 ఏళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఆడినవారికి శిక్ష పెట్టలేదు.

నా అనుభవంలో పోలీసుల చూపు నిర్వాహకుల మీదే ఉంటుంది. మీ 3,400 కోసం ఎవరూ వెతుక్కుంటూ రారు. అలాగని డబ్బు పోయిందని మీరే స్టేషన్‌కి వెళ్లి, వీపీఎన్ కథంతా రాసి సంతకం పెట్టకండి. ఎలాగూ ఆ డబ్బు రాదు. పందెం ఒప్పందం చెల్లదని కాంట్రాక్ట్ చట్టం 30వ సెక్షన్ చెబుతుంది, ఓడిన సొమ్ము ఇప్పించమంటే సాధారణంగా కోర్టు వినదు. టేబుల్‌లో ఇద్దరు కుమ్మక్కయ్యారనో, ఖాతా హ్యాక్ అయిందనో ఆధారం ఉంటే అది మోసం, వేరే సంగతి. అప్పుడు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. వరసగా చెడ్డ ముక్కలు పడటం మోసం కాదు.

ఇక ట్యాక్స్. జీతంలోంచి ఒక్క రూపాయి కూడా తగ్గించలేరు. వచ్చే ఏడాదికి మోసుకుపోవడమూ కుదరదు. అయితే ఒకే యాప్‌లో లెక్క రోజువారీ కాదు, ఏడాది మొత్తానిది. ఉదాహరణకు 2024-25లో ఆ యాప్‌లో మొత్తం 20,000 వేసి, 31,000 తీసుకుని, మొదట్లోనూ చివర్లోనూ బ్యాలెన్స్ సున్నా అయితే, నికర గెలుపు 11,000. దాని మీద 30 శాతం, అంటే 3,300, పైన సెస్. కనుమ నాటి 3,400 ఆ 20,000లోనే ఉంది, మళ్లీ విడిగా తీసేయకండి. ఈ తప్పు నేను చాలాసార్లు చూశాను. నికర గెలుపు ఉంటే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2లో చూపాలి. యాప్ ముందే కోసిన పన్ను, అంటే టీడీఎస్, మీ పేరిట జమైన పన్నుల పట్టిక 26ఏఎస్‌లో కనిపిస్తుంది, సరిచూసుకోండి.

బావగారి 1,000 మాత్రం ఇచ్చేయండి. ఎందుకని అడగకుండా ఇచ్చారంటే అది మామూలు చేబదులే, జూదం అప్పు అని తప్పించుకోలేరు. ఆయన 3 ఏళ్లలోపు దావా వేయొచ్చు. వెయ్యి రూపాయలకు ఏ బావా కోర్టుకెక్కడనుకోండి.