ముందు మా చెరువునే పూడ్చేసింది

ప్రశ్న: "నెల్లూరు వైపు ఒక చిన్న వాగు పరీవాహకానికి నీటి లెక్క, పొలాల నుంచి కొట్టుకుపోయే నత్రజని లెక్క కట్టాలి. ఎం.టెక్ ప్రాజెక్టు. స్వాట్ నేర్చుకోవాలా, ఇంకేదైనా తేలికైనది ఉందా?"

స్వాట్ నేర్చుకోండి. వాన, నేల, పంటల వివరాలిస్తే నీరూ ఎరువూ ఎటు ఎంత పోతాయో లెక్కకట్టే కంప్యూటర్ మోడల్ అది. కాకపోతే దాన్ని తెరిచే ముందు ఆ ఊరి నీరుగంటితో, అంటే చెరువు నీళ్లు పొలాలకు వదిలే మనిషితో, ఒక పూట కూర్చోండి. నేను కూర్చోలేదు, నాలుగు నెలలు పోయాయి.

నాదీ దాదాపు ఇదే ప్రాజెక్టు. మన్నేరులో కలిసే ఒక వాగు, దాని మీద ఒకదాని కింద ఒకటిగా మూడు చెరువులు. కింది చెరువు మా అమ్మమ్మగారి ఊరిది. చిన్నప్పుడు ఆ కలుజు (చెరువు నిండితే నీరు పొర్లిపోయే చోటు) మీద కూర్చుని కాళ్లు ఆడించినవాణ్ణి కాబట్టి నాకంతా తెలుసనుకున్నాను.

స్వాట్‌లో మొదటి పని భూమి ఎత్తుల పటం ఇవ్వడం. అందరం వాడేది 30 మీటర్ల గడులది. దాన్నిబట్టి వాగులు ఎటు పారతాయో అదే గీస్తుంది. గీసే ముందు ఒక పని చేస్తుంది, గుంటలు పూడ్చడం. చుట్టూ ఎత్తుండి మధ్యలో పల్లం కనిపిస్తే అది పటంలో తప్పనుకుని అంచు దాకా నింపేస్తుంది, లేకపోతే గీత ముందుకు సాగదు. స్వాట్ పుట్టింది టెక్సస్‌లోని టెంపుల్ అనే ఊళ్లో, 1990ల మొదట్లో, జెఫ్ ఆర్నాల్డ్ బృందం చేతిలో. అక్కడి సంగతి నాకెందుకు గానీ, మన దగ్గర కట్ట వెనక కనిపించే ప్రతి పల్లమూ ఒక చెరువు. తట్టెడు మట్టి మోయకుండా రెండు నిమిషాల్లో మూడు చెరువులనూ పూడ్చేసి, కట్టల మీదుగా వాగును తిన్నగా మన్నేరులోకి గీసేసింది. నేను గమనించనే లేదు. తెర మీద నీలం గీతలు ముచ్చటగా ఉన్నాయి మరి.

ఫలితాలు వచ్చాక గ్రాఫ్ ప్రింటు తీసుకుని ఊరికి పోయాను. గొప్ప చెప్పుకోవడానికే అనుకోండి. నీరుగంటి తాత తూము దగ్గర వేపచెట్టు కింద ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, చూపు సరిగ్గా ఆనదు. "తాతా, ఈ ఏడు ఆగస్టులో రెండు వానలకే ఇన్ని నీళ్లు మన చెరువు దాటిపోయాయి చూడు" అని వేలు పెట్టి చూపించాను. ఆయన కాగితం వైపు చూడలేదు. "ఏ ఏడు నాయనా?" అన్నాడు. చెప్పాను. "ఆ ఏడు కలుజు మీద మేకలు పడుకున్నాయి" అన్నాడు.

తర్వాత లేచి కట్ట మీద నడుస్తూ చెప్పుకొచ్చాడు. పై చెరువు నిండితే గానీ మధ్య చెరువుకు చుక్క దిగదు. అది నిండితే గానీ మనకు రాదు. పైగా పై ఊరి వాళ్లు వాన కాలం మొదట్లోనే కలుజు మీద ఇసుక బస్తాలు రెండు వరసలు పేరుస్తారు. ఆ బస్తాల కోసం మన ఊరి కుర్రాళ్లు రాత్రిపూట గడ్డపారలు పట్టుకుని పోవడం, పంచాయితీలు, అదో పెద్ద భారతం. "ఆగస్టు వాన నేల తాగడానికే నాయనా. చెరువు వాన కార్తీకంలో." ఇది వాతావరణ శాఖ వాళ్లూ చెప్పేదే, నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. ఆ సంగతి నా థీసిస్ మొదటి అధ్యాయంలో నేనే రాశాను! రాసి కూడా గ్రాఫ్‌లో ఆగస్టు శిఖరం చూసి అనుమానపడలేదు.

తిరిగొచ్చి మూడు చెరువులనూ రిజర్వాయర్లుగా చేత్తో చేర్చాను. కలుజు మట్టం దగ్గర ఎంత నీరు, ఎంత విస్తీర్ణం అని స్వాట్ అడుగుతుంది. ఇసుక బస్తాల ఎత్తు కూడా పై చెరువు మట్టంలో కలిపాను. ఆగస్టు శిఖరం మాయమైంది. మా గైడు ముందు చెప్పిన ఉపాయం వేరే ఉంది: "కర్వ్ నంబర్ తగ్గించుకుంటూ పో, సరిపోతుంది." కర్వ్ నంబర్ అంటే పడిన వానలో ఎంత పారుతుందో తేల్చే అంకె. తగ్గిస్తే నిజంగానే సరిపోయేది. మోడల్ అంకెలు కొలిచిన అంకెలకు ఎంత దగ్గరో చెప్పే నాష్-సట్‌క్లిఫ్ స్కోరు 0.5 దాటితే చాలు, బాగుందని సంతకం పెట్టేస్తారు. చెరువులో ఆగిన నీటిని నేలలో ఇంకిపోయినట్టు చూపించి మార్కులు కొట్టేసే పద్ధతి ఇది. ఇలా పాసైన థీసిస్‌లు మన కాలేజీల బీరువాల్లో సగం ఉంటాయని నా గట్టి నమ్మకం.

వానలోనూ ఇదే బాధ. వాతావరణ శాఖ గడుల డేటాలో ఒక్కో గడి సుమారు 25 కిలోమీటర్లు. మనవేమో ఎద్దు ఒక కొమ్ము తడిసి రెండో కొమ్ము పొడిగా ఉండే వానలు. మండల కేంద్రంలో వర్షమాపకం అంకెలు దొరికితే అవే వాడండి, అడిగిన రోజు ఇవ్వరు, నాలుగుసార్లు తిరగాలి.

ఇక నత్రజని. మీరు ఏమీ మార్చకపోతే నాట్లు ఎప్పుడో ఎండ వేడి లెక్కతో స్వాటే నిర్ణయించుకుంటుంది. మన రైతు వేడి చూసి నాటడు, తూములో నీళ్లు చూసి నాటుతాడు. ఎడగారు (రెండో పంట) వేశారా లేదా అన్నదీ అంతే, చెరువులో ఏం మిగిలిందో దాన్నిబట్టి. యూరియా సంగతి మరీ అన్యాయం. 45 కిలోల బస్తాలో 46 శాతం లెక్కన 20.7 కిలోల నత్రజని. నేను మూడు దఫాలుగా, పుస్తకంలో ఉన్న తేదీలకు వేసినట్టు రాశాను. మా మామ నవ్వాడు. "లారీ వచ్చిన రోజే చల్లేది అల్లుడూ. క్యూలో నిలబడి తెచ్చింది ఇంట్లో పెట్టుకుంటామా?" ఆయన చల్లిన మర్నాడే వాన పడి మడి గట్టు తెగింది. ఆ నీళ్లు మురుగు కాలువలో పడి కింది కుంటకు చేరాయి, పది రోజులకు కుంటంతా పచ్చటి పాచి. ఆ ఒక్క వాన తేదీని, మామ యూరియా తేదీని పక్కపక్కన పెట్టాకే నా మోడల్‌లో నత్రజని కదిలింది. అందుకే ఏడాదికి ఒక సగటు మాత్రమే ఇచ్చే ఇన్‌వెస్ట్ లాంటి మోడళ్లు మనకు అంత పనికిరావని అంటాను. మన దగ్గర ఏడాది సరుకంతా మూడు వానల్లో పోతుంది.

మీ వాగు కావలి, అల్లూరు వైపు సముద్రానికి దగ్గరదైతే ఇంకొకటి చూసుకోండి. ఉపగ్రహ పటంలో రొయ్యల చెరువులు కూడా "నీరు" అనే రంగులోనే వస్తాయి. నీరంటే మోడల్ అక్కడ ఎరువూ మేతా ఏమీ వేయదు. లారీల కొద్దీ మేత పడే చోటు మోడల్ కంటికి వాననీటి గుంటే. వాళ్లు పంట పట్టాక వదిలే నీటిని పాయింట్ సోర్స్‌గా, అంటే ఒకే చోట వాగులో కలిసే మురుగుగా, మీరే చేర్చాలి. ఎంత వదులుతారని అడిగితే ఒక్కరూ చెప్పరు, టీ ఇచ్చి పంపుతారు.

తేలికైనది అడిగారు కదా. ఒక్క చెరువుకైతే ఎక్సెల్ చాలు: వచ్చింది, తూములో పోయింది, ఆవిరైంది, ఇంకింది, కలుజు దాటింది. నత్రజని కూడా కావాలంటే జీడబ్ల్యూఎల్‌ఎఫ్ అనే చిన్న మోడల్ ఉంది, 1987లో కార్నెల్‌లో హైత్, షూమేకర్ చేసింది, నెలవారీ అంకెలిస్తుంది, అడిగే డేటా కూడా తక్కువ. గొలుసుకట్టు చెరువులైతే స్వాట్ కొత్త రూపమైన స్వాట్ ప్లస్‌కే పోండి. వాగు మీద కొలిచే గేజి లేదని కంగారు పడకండి, చెరువు నీటి విస్తీర్ణం ఉపగ్రహ చిత్రాల్లో కొలిచి సరిచూసుకోవచ్చు. సెంటినెల్-2 ఉపగ్రహానివైతే 10 మీటర్ల స్పష్టత. కానీ మనకు కావాల్సిన నవంబరులోనే మబ్బు అడ్డం, అప్పుడు మబ్బులోంచి కూడా చూడగల సెంటినెల్-1 రాడార్ చిత్రాలు తీసుకోండి.

చివరగా, స్వాట్ ప్రాజెక్టు ఫోల్డర్ పేరులో ఖాళీలు వదలకండి, తెలుగులో పేరు అసలే పెట్టకండి. ఎర్రర్ ఎక్కడుందో చెప్పదు, ఊరికే ఆగిపోతుంది. నాకు ఒక ఆదివారమంతా దానికే పోయింది.