కుంచం ఎవరి చేతుల ఉండె?

ప్రశ్న: అక్కా నమస్తే, మాది నకిరేకల్ దగ్గర ఊరు, గ్రూప్స్‌కు చదువుతున్న. మా ఇంట్ల పాత ఇనుప కుంచం ఒకటుంది, అమ్మ పెండ్లప్పుడు అమ్మమ్మ ఇచ్చిందంట. అమ్మమ్మ వాళ్ల నాయిన మాలీ పటేల్ (ఊర్ల శిస్తు వసూలు చేసే పటేల్), దాంతోనే ఊరి వడ్లు కొలిచేటోళ్లట, ఆ కుంచాన్ని చూస్తే చాలు నిజాం కాలంల అన్నీ పద్ధతిగుండె అంటది అమ్మమ్మ. నానమ్మ వాళ్లది పక్కూరే, కులం కూడా ఒకటే, కాని కౌలు చేసుకుని బతికినోళ్లు, ఆమె ఇప్పటికీ ఆ కుంచం మొఖం చూడది. ఇద్దరూ అబద్ధమాడే మనుషులు గాదు. పుస్తకంల జూస్తే ఆ కాలం గురించి నాలుగు లైన్లున్నయ్. నేనెవరి మాట పట్టుకోవాలె?

జవాబు: చెల్లె, ముందు ఒక పని చెయ్యి. ఆ కుంచంల బియ్యం పోసి అంచుకు సమానంగా చేత్తో చదును చేసి తూకం వెయ్యి. మళ్ల అదే కుంచంల కుప్పవోసి, జారిపోయేదాక పోసి, ఇంకోసారి తూకం వెయ్యి. రెండింటికీ తేడా ఎంతొచ్చిందో రాసిపెట్టుకో. తీసుకునేటప్పుడు కుప్పవోసి తీసుకున్నరు, ఇచ్చేటప్పుడు చదును చేసి ఇచ్చిన్రు అని మన నల్లగొండ దిక్కు ముసలోళ్లు చెప్పుకునే గోస అంతా ఆ తేడాలనే ఉన్నది. ఒక్క కుంచానికి అంత పోతే పుట్లకొద్ది వడ్లు కొలిచిన కళ్లంల ఎంత పోయి ఉంటదో నువ్వే లెక్కేసుకో. పైగా అప్పుడు మానికెలు, కుంచాలు ఊరూరికి ఒక తీరుగుండేవి, తూకాలు కొలతలు దేశమంతా ఒకటే ఉండాలని చట్టం వచ్చిందే 1956ల, అంటే అంతకుముందు కుంచం ఎవని చేతులుంటే కొలత వానిదే.

ఇంక లెవీ సంగతి. రెండో ప్రపంచ యుద్ధం కాలంల నిజాం సర్కారు రైతుల దగ్గర గింజలు జబర్దస్తీగ వసూలు చేసింది, పెద్ద పెద్ద దేశ్‌ముఖులు దొరలు తప్పించుకున్నరు, భారమంతా చిన్న రైతుల మీద, కౌలుదార్ల మీద పడ్డది. కళ్లంల ఉన్నదంతా ఊడ్చి ఇచ్చినోళ్లు తినడానికి మళ్ల దొర గడికే పోయి గింజలు అప్పు తెచ్చుకున్నరు, పంటకు ఒకటికి ఒకటిన్నర తిరిగి కట్టాలె, నాగు అంటరు దాన్ని, నానమ్మను ఆ మాట అడిగి చూడు. 1944ల భువనగిరిల రావి నారాయణరెడ్డి అధ్యక్షుడుగ ఆంధ్ర మహాసభ జరిగినంక సంఘం (ఊర్లల్ల ఆంధ్ర మహాసభను అట్లనే పిలిచేది) ఊర్లల్లకు పోయిందంటే, 1946ల కడవెండిల సంఘం మనిషి దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పులల్ల చనిపోయినంక ఊర్లకు ఊర్లు లేచినయ్ అంటే, ఆ కోపం ఒక్క రోజుల పుట్టింది గాదు, ఏడాదికోసారి కళ్లం కాడ కుంచంతోని కొలిచినప్పుడల్లా కొంచెం కొంచెం పేరుకున్నది.

మరి అమ్మమ్మ అబద్ధం చెప్తున్నదా అంటే లేదు. ఆమె పటేలింటి ఆడపిల్ల, లోపటి గడపల నిలవడి చూసింది, వడ్లు లోపటికి రావడం చూసింది, నాయిన లెక్కలు రాయడం చూసింది. ఆ ఇంట్ల నిజంగనే అన్నీ పద్ధతిగ ఉండి ఉంటయ్. బయట కళ్లంల ఏం జరిగిందో ఆమెకు కనవడే చోటు గాదది. కాని ఇద్దరూ కరెక్టే అని చేతులు దులుపుకుంటే మాత్రం నేనొప్పుకోను. కొలత న్యాయంగ జరిగిందా లేదా అన్న విషయంల ఇచ్చినోళ్ల సాక్ష్యానికే ఎక్కువ బరువుండాలె, ఎందుకంటే పోగొట్టుకున్నది వాళ్లు. ఊరి లెక్కలు ఎట్ల రాసేటోళ్లు, తహశీలుకు ఏం పంపేటోళ్లు, గిర్దావరు (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) వస్తే ఏం వండిపెట్టేటోళ్లు అన్నయి అమ్మమ్మనే అడగాలె, అవి నానమ్మకు తెల్వయ్. ఎవర్ని ఏం అడగాలెనో తెలుసుకుంటే సగం పని అయినట్టే.

కాగితాలు కూడా తియ్యి. 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నరు అని రాసిన సర్కారు రికార్డు) నకలు తీసుకుని పట్టాదారు కాలంల ఎవరి పేరుంది, సాగు చేసేటోళ్ల కాలంల ఎవరి పేరుంది చూడు, నానమ్మోళ్లు ఏండ్లకేండ్లు దున్నిన భూమి మీద వాళ్ల పేరే లేకుంటే అది కూడా చరిత్రే. అంతకన్న పాత కాగితం దొరికితే ఉర్దూల ఉంటది, ఫసలీ సంవత్సరం (నిజాం సర్కారు లెక్కల సంవత్సరం) వేసి ఉంటది, దానికి 590 కలిపితే ఇంచుమించు మన ఇంగ్లీష్ సంవత్సరం వస్తది. 1357 ఫసలీ అని ఉంటే 1947-48 అన్నట్టు.

ఇంకొక్కటి అడుగు ఇద్దర్ని, పోలీస్ యాక్షన్ (భారత సైన్యం వచ్చి నిజాం రాజ్యాన్ని కలుపుకున్నది) అయినంక మీ ఊర్ల ఏమైందని. పుస్తకంల 1948 సెప్టెంబర్ 17తోని పాఠం అయిపోతది. నల్లగొండ ఊర్లల్ల అయిపోలే, రజాకార్లు (నిజాం దిక్కు కొట్లాడిన ప్రైవేటు దళాలు) పోయిన్రు గని సంఘపోళ్లను పట్టుకోవడానికి మిలట్రీ క్యాంపులు దిగినయ్, పోరాటం ఆపేసింది 1951 అక్టోబర్‌ల. పక్కన ముస్లింల ఇండ్లు ఉంటే వాళ్లనీ అడుగు. రజాకార్లతోని ఏ సంబంధం లేని ముస్లింల మీద కూడా ఆ రోజులల్ల దాడులు జరిగినయ్, కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ తిరిగి చూసి రిపోర్టు ఇచ్చింది, ఆ రిపోర్టు ఎన్నో ఏండ్లు బయటికి రాలే. ఒకే సెప్టెంబర్ ఒక ఇంట్ల పండుగ, ఒక ఇంట్ల భయం, ఇంకో ఇంట్ల మగోళ్లు అడవిపాలు. పరీక్షల తారీఖులు తారీఖుల లెక్కనే రాయి, మార్కులు పోగొట్టుకోకు, ఇది మాత్రం వేరే నోట్‌బుక్‌ల రాసుకో.

ప్రశ్న: మా నాయనమ్మ సందూకల చార్మినార్ బొమ్మ ఉన్న పాత నాణేలు దొరికినయ్. ఫోన్ల చూస్తే లక్షలు వస్తయంటున్నరు, నిజమేనా? (దేవరకొండ)

జవాబు: అవి హాలీ సిక్కాలు, హైదరాబాద్ సంస్థానం సొంత రూపాయి, మీద వేసి ఉన్నది హిజ్రీ సంవత్సరం. ఇండియా ఆరు రూపాయలకు ఇవి ఏడు ఇచ్చేటోళ్లు. లక్షలు ఇస్తమని ముందుగాల ఫీజు కట్టమనేటోళ్లను నమ్మకు తమ్మీ. చింతపండు పెట్టి తోమకు, అక్షరాలు అరిగిపోతయ్. నాయనమ్మ ఉంటే అమ్మే ముందు ఒక్క మాటడుగు, ఇవి కూలికి వచ్చినయా, పుట్టింటోళ్లు పెట్టినయా అని.

ప్రశ్న: అక్కా, మాది నారాయణపేట దిక్కు. అందరూ కుంచాలు, నాణేలు, కాగితాలు అంటరు, మా తాత నాయినమ్మలు పాలమూరు లేబర్‌గ జీవితమంత ప్రాజెక్టుల మీదనే బతికిన్రు, మా ఇంట్ల ఒక్క పాత వస్తువు లేదు. మాకు చరిత్ర లేనట్టేనా?

జవాబు: ఈ ఉత్తరం చదివి నాకు మనసు చాలా కష్టమైంది తమ్మీ. వస్తువులు ఉండాలంటే దాచుకునే ఇల్లుండాలె, మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుని గుంపుతోని ఏడాదికో చోటికి పోయి గుడిసె ఏసుకున్నోళ్లు ఏం దాచుకుంటరు? గడ్డపార అరిగితే ఇనుముకు పోతది, తట్ట చిరిగితే పొయిల పెడ్తరు. కాబట్టి ఇంట్ల ఏం లేకపోవడమే మీ చరిత్రల మొదటి సంగతి, దాన్ని అట్లనే రాయి.

నాగార్జునసాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబర్ 10న పునాది రాయి వేసిండు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలింది, ఇవి పిల్లలకు కూడా తెలుసు. ఆ లోయల ఇక్ష్వాకుల కాలం విజయపురి మునిగిపోతదని ముందుగాలనే తవ్వకాలు జరిపి, దాదాపు 1700 ఏండ్ల నాటి బౌద్ధ కట్టడాలను కొన్నిటిని కొండ మీదికి, కొన్నిటిని అనుపుకు తీస్కపోయి మళ్ల కట్టిన్రు, నాగార్జునకొండ మ్యూజియం అట్లనే వచ్చింది. శ్రీశైలం ముంపుల కూడా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి ఇప్పి అలంపురంల నిలబెట్టిన్రు. చెయ్యాల్సిన మంచి పని, నేను కాదనను. కాని ఆ కట్టలకు మట్టి మోసినోళ్ల తట్ట ఒక్కటి, వాళ్ల హాజరు పుస్తకం ఒక్కటి అంత జాగ్రత్తగ దాచి, పక్కన పేర్లు రాసి పెట్టాలని ఎవరికీ అనిపించకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

నువ్వేం చెయ్యాలంటే, మీ వాడకట్టల ఎవరెవరు ఏ ప్రాజెక్టు మీద ఉన్నప్పుడు పుట్టిన్రో అడుగు. సంవత్సరం చెప్పరు, సాగర్ కట్ట కాడ పుట్టిండు, శ్రీశైలం పనిల ఉన్నప్పుడు పెద్దదాని పెండ్లయింది, జూరాలప్పుడు తాత కాలం చేసిండు అంటరు. వాటి పక్కన ఆ పనులు ఎప్పుడు నడిచినయో రాసుకుంటే మీ ఇంటి లెక్క మొత్తం సంవత్సరాలతోని సహా వస్తది. ఏ మేస్త్రి వెంట పోయిన్రు, అడ్వాన్స్ ఎంత, అది ఏ పనికి ఖర్చయింది, పిల్లల్ని ఎవరి దగ్గర ఇడిచిపెట్టి పోయిన్రు, బాగోలేకపోతే ఎవరు చూసిన్రు, ఇవన్నీ అడుగు, ముఖ్యంగ ఆడోళ్లను అడుగు, మగోళ్లు పని పేరు చెప్పి ఆపేస్తరు. ఫోన్ల రికార్డ్ చేసి ఊరి పేరు, మనిషి పేరు, తారీఖు ఫైలుకు పెట్టు, ఇంకో ఫోన్ల కూడా కాపీ ఉంచు. బడిల సార్లు ఒప్పుకుంటే పిల్లలతోని ఊరంతా చేయించొచ్చు, అప్పుడు ఏ ఇంటోళ్లు ఏ కట్ట కట్టిన్రో మీ ఊరి గోడ మీద పేర్లతోని రాయొచ్చు.